చేప మంచిదే, అయితే ఏ చేప, ఎలా వండిన చేప?

పోయిన సంవత్సరం మన సొసైటీ వైద్య శిబిరంలో రక్తపోటు చూసే బల్ల దగ్గర పేర్లు రాసే పని నాది. నేను డాక్టరును కాను, కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. గుండెకు స్టెంట్ వేయించుకున్న ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నారు. మన చందాదారుల్లో ఒకరే. మందులు ఏం వాడుతున్నారని అడిగితే, “ఆపేశాను మాస్టారూ. రోజూ చేప తింటున్నాను, చేపనూనె గోళీలు కూడా మింగుతున్నాను. ఇంకా మందులెందుకు?” అన్నారు. పై రక్తపోటు 180 దాటి ఉంది. ఏ చేప తింటున్నారంటే వంజరం, రెండు పూటలా వేపుడేనట. డాక్టరుగారు ఆయన్ని పక్కకు తీసుకెళ్ళి చాలాసేపు మాట్లాడారు. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం మనలో చాలామందిదే కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

చేపకు జిబహ్ నియమం లేదు. దివ్య ఖుర్ఆన్ సూరె నహ్ల్ 14వ ఆయతులో సముద్రం నుంచి లభించే తాజా మాంసం ప్రస్తావన ఉంది. హజ్రత్ అబూ ఉబైదా (రజి) వెంట వెళ్ళిన 300 మంది తిండి నిండుకుని మనిషికి రోజుకొక ఖర్జూరంతో సరిపెట్టుకుంటున్నప్పుడు, ఒడ్డున పడివున్న ఒక పెద్ద చేప చాలా రోజులు వారి ఆకలి తీర్చిన సంఘటన హదీసుల్లో ప్రసిద్ధమే. అయితే ఒక ఆహారం హలాల్ కావడం వేరు, అది ఫలానా జబ్బుకు మందు కావడం వేరు. రెండోది వైద్యశాస్త్రం పరీక్షించి చెప్పవలసిన విషయం.

చేపలో ఉన్నదేమిటి? 100 గ్రాముల చేపలో దాదాపు 18 నుంచి 20 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. వేటమాంసంతో పోలిస్తే గుండెకు చెరుపు చేసే కొవ్వు తక్కువ. సముద్రపు చేపల్లో అయోడిన్ ఉంటుంది. అసలు పేరు తెచ్చింది ఒమేగా-3 కొవ్వులు. ఇవి అవిసె గింజల్లోనూ అక్రోటు పప్పుల్లోనూ ఉన్నా, అక్కడున్న రకాన్ని మన శరీరం చేపలోని రకంగా మార్చుకోవడం చాలా కొద్దిగానే.

ఇక మేలు ఎంత? ఇక్కడ కొంచెం ఓపికగా చదవాలి. బ్రిటన్‌లోని వేల్స్‌లో మైకేల్ బర్ బృందం, గుండెపోటు వచ్చి కోలుకుంటున్న 2033 మంది మగవారితో ఒక పరిశోధన చేసి 1989లో ఫలితాలు ప్రకటించింది. వారానికి రెండుసార్లయినా కొవ్వుగల చేప తినమని సలహా పొందినవారిలో రెండేళ్ళలో మరణాలు 29 శాతం తగ్గాయి. చేప పేరు మోగిపోయింది. తర్వాత అదే బృందం ఛాతీనొప్పి ఉన్న మూడు వేలకు పైగా మగవారిపై చేసిన మరో పరిశోధన 2003లో వచ్చింది. అందులో ఆ మేలు కనబడలేదు. పైగా చేపనూనె గోళీలు తీసుకున్నవారిలో హఠాన్మరణాలు ఎక్కువయ్యాయి. అమెరికాలో 25,871 మందిపై ఐదేళ్ళకు పైగా జరిగిన గోళీల పరీక్షలో కూడా గుండెపోటు, పక్షవాతం వంటివన్నీ కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

నా మనసుకు బాగా పట్టినది 2021లో వచ్చిన అధ్యయనం. 58 దేశాల్లోని 1,91,558 మంది వివరాలను కలిపి చూశారు. దాని ప్రధాన రచయిత్రి మన పొరుగునే చెన్నైలో పనిచేసే శాస్త్రవేత్త దీపా మోహన్. అప్పటికే గుండెజబ్బు, పక్షవాతం వంటివి ఉన్నవారిలో వారానికి 175 గ్రాములు, అంటే సుమారు రెండు పూటలకు సరిపడే చేప తినేవారికి ముప్పు తక్కువగా కనిపించింది. ఆరోగ్యవంతుల్లో పెద్ద తేడా లేదు. తేడా ఉన్నచోట కూడా అది నూనెగల చేపలు తినేవారిలోనే గట్టిగా కనిపించింది. కాబట్టి మన పెద్దాయన చేప తినడం తప్పు కాదు, తినవలసినవారిలో ఆయన ముందుంటారు. తప్పు మందులు మానడం, వేపుడు తినడం.

నూనెగల చేప అంటే ఖరీదైన చేప కాదు. మన బజారులో కానాగంతలు, కవళ్ళు ఈ కోవకే వస్తాయి. వీటిని “చిన్నచేప” అని దావత్‌లలో పెట్టం, అతిథికి పెడితే చిన్నతనం అనుకుంటాం. చెరువుల్లో పెంచే బొచ్చె, శీలావతి మంచి మాంసకృత్తులే, ఒమేగా-3 మాత్రం వాటిలో చాలా తక్కువ. నెత్తళ్ళను ముల్లుతో సహా నమిలి తింటే కాల్షియం అదనం.

వంట విషయానికొస్తే మన చేపల పులుసు బంగారం లాంటిది. మరిగి మరిగి నల్లబడ్డ నూనెలో వేపితే చేప తెచ్చిన మేలు బాణలిలోనే పోతుంది. ఎండుచేప రుచి నాకూ ఇష్టమే, కానీ ఉప్పు ఎక్కువ కాబట్టి రక్తపోటు ఉన్నవారు దూరంగా ఉండాలి. గౌట్ కీళ్ళనొప్పి ఉన్నవారికి కవళ్ళు, నెత్తళ్ళు పడవు. కిడ్నీ రోగులు ఎంత తినాలో డాక్టరునే అడగాలి. చేప తిని పాలు తాగితే బొల్లి వస్తుందని మా నానీ భయపెట్టేది. దానికి ఆధారం లేదు.

కోస్తాలో బాలింతకు పాలు పడతాయని సొర పిట్టు పెడతారు. పెద్ద చేప చిన్న చేపను తింటూ పోయేకొద్దీ నీటిలోని పాదరసం దాని ఒంట్లో పేరుకుంటుంది. సొర ఆ వరుసలో పైన ఉంటుంది. జపాన్‌లోని మినమాటాలో ఫ్యాక్టరీ వదిలిన పాదరసం చేపల ద్వారా కడుపులోని బిడ్డల మెదళ్ళనే దెబ్బతీసిందన్న సంగతి 1956 తర్వాత ప్రపంచానికి తెలిసింది. మన తీరం మినమాటా కాదు, చిన్న సొరలో పెద్ద సొరలో ఉన్నంత పాదరసమూ ఉండదు. అయినా గర్భిణికి, బాలింతకు ఒమేగా-3 కావాలి కనుక, సొర బదులు కవళ్ళ పులుసు పెడితే చాలు.

కొనేటప్పుడు మొప్పలు ఎర్రగా, కళ్ళు మెరుస్తూ ఉండాలి. వేలితో నొక్కితే గుంట పడకూడదు. కానాగంతలు ఐసు లేకుండా ఎండలో ఉంటే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం పుడుతుంది. ఎంత ఉడికించినా అది పోదు. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడి దద్దుర్లు వస్తాయి.

దాతలకు, కమిటీకి ఒక మనవి. గర్భిణులకిచ్చే కిట్‌లో మనం ప్రోటీన్ పొడి డబ్బా పెడుతున్నాం. పచ్చి చేపను కిట్‌లో పెట్టలేం, నిజమే. ఆ డబ్బా ఖర్చును నగదుగా ఇచ్చి, వారానికి రెండుసార్లు ఏ చేప కొనాలో ఒక చీటీ మీద రాసిస్తే ఎలా ఉంటుందో వచ్చే సమావేశంలో ఆలోచించండి.

పెద్దాయన మళ్ళీ మందులు మొదలుపెట్టారు. మొన్న శిబిరంలో రక్తపోటు 138. వారానికి రెండుసార్లు కానాగంతల పులుసట. ఇల్లంతా వాసనేనని వాళ్ళ బేగం సాహెబా నా మీద ఫిర్యాదు చేశారు.