పంట లెక్క ఫారం ఫోన్‌లో నింపేటప్పుడు



పోయిన పంటలో మాకు నాలుగో జ్వరం లేచాక పురుగు దెబ్బతినింది. చాకీ కేంద్రంవాళ్లు గుడ్ల లాట్ నంబరు, చాకీ దించిన తేదీ అడిగినారు. ఫారంలో అన్నీ నింపినాము గదా అని తెరిస్తే, అంతా ఖాళీ! తప్పు మాదే. బ్రౌజర్‌లోనే తెరిచి నింపి, సేవ్ చేయకుండా మూసేసినాము.

నింపే పీడీఎఫ్ వస్తే ముందు ఫోన్‌లోకి దించుకోండి. అడోబీ అక్రోబాట్ రీడర్ లాంటి యాప్‌లో తెరిస్తే గళ్లలో టైపు చేయవచ్చు. ఖాళీ ఫారం ఒకటి వేరుగా దాచి, పంట పంటకూ దాని నకలు తీసి పేరులో తేదీ పెట్టండి. లేదంటే పాత పంట మీదనే కొత్త పంట రాసేస్తాము.

అంకెల గడిలో అంకెలే వేయాలి. లెక్క కట్టే ఫారంలో 150 గుడ్లు, 114 కిలోల గూళ్లు అయితే 150, 114 అని మాత్రమే వేయండి. 100 గుడ్లకు 76 కిలోలు అని అదే చూపుతుంది. గడిలో "కిలోలు" అని కూడా రాస్తే లెక్క నిలిచిపోతుంది.

సేవ్ చేసినాక ఒకసారి మూసి, మళ్లీ తెరవండి. రాసినవి కనబడితేనే పంపండి. గ్రూపులో వేయొద్దు, బ్యాంకు ఖాతా నంబరు కూడా ఉంటుంది గదా! కేంద్రంవాళ్లకు నేరుగా పంపితే చాలు.

తడి చేతికి ఫోన్ పలకదు. మేమైతే రాత్రి మేత వేసి, చేయి తుడుచుకొని నింపుతున్నాము.