ఆటో మిస్సింగు కొడుతోంది!

ఆటో స్టాండు దగ్గర ఒక నిమిషం నిలబడి వినండి. బాగున్న ఆటో నిలబడి ఉన్నప్పుడు ఒకే వరసలో కొట్టుకుంటుంది. టక టక టక టక. దంపుడు రోకలి పోటు లాగా.

బాగాలేని ఆటో అలా ఆడదు. టక టక... టక... అని తడబడుతుంది. మధ్యలో ఒక పోటు తప్పిపోతుంది. బండి ఒళ్లంతా ఊగుతుంది. ఒక్కోసారి ఆగిపోతుంది. దీన్నే మెకానిక్కులు మిస్సింగు అంటారు.

పోటు ఎందుకు తప్పుతుంది?

ఇంజను లోపలికి పెట్రోలు, గాలి కలిసి వెళ్తాయి. సరైన క్షణంలో వాటికి నిప్పు తగలాలి. ఆ నిప్పురవ్వ ఇచ్చేది ప్లగ్గు. ప్లగ్గు మొన దగ్గర సన్నని సందు ఉంటుంది. కరెంటు ఆ సందు దూకితేనే రవ్వ పుడుతుంది. బండిలో బ్యాటరీ 12 వోల్టులది. ఆ కాస్త కరెంటు సందు దూకలేదు. దూకాలంటే వేల వోల్టులు కావాలి. తక్కువ వోల్టులను వేల వోల్టులుగా మార్చేదే కాయిలు.

కాయిలు అంటే తీగ చుట్ట. ఇనుము మీద రెండు చుట్టలు ఉంటాయి. లావు తీగ తక్కువ చుట్లు. సన్న తీగ వేల చుట్లు. మొదటి చుట్టలో కరెంటు టక్కున మారితే, రెండో చుట్టలో కూడా కరెంటు పుడుతుంది. ఈ సంగతి 1831లో ఇంగ్లండులో మైకేల్ ఫారడే కనిపెట్టాడు. ఆయన కమ్మరి కొడుకు. బడిలో చదివింది బాగా తక్కువ. పుస్తకాలు బైండు చేసే దుకాణంలో పనికి చేరాడు. బైండింగుకు వచ్చిన పుస్తకాలే చదువుకున్నాడు.

కాయిలులో సన్న తీగకు పూత ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి, అదురుకు ఆ పూత పాడవుతుంది. అప్పుడు కరెంటు ప్లగ్గు దాకా పోదు. లోపలే దారి తప్పుతుంది. రవ్వ బలం తగ్గుతుంది. పోటు తప్పుతుంది.

మంగళగిరి, విజయవాడ మధ్య ఆటో నడిపే ఒకామె ఉందనుకుందాం. అప్పు మీద కొన్న పెట్రోలు ఆటో. నెల నెలా వాయిదా కట్టాలి. బండి ఆగితే ఆ రోజు సంపాదన పోయినట్లే. ఆటో మిస్సింగు మొదలయింది. ఒక మెకానిక్కు చూసి, "బోరు పోయిందమ్మా, ఇంజను విప్పాలి" అన్నాడు. అంటే ఖర్చు వేలల్లో.

ఆమె వెంటనే సరే అనలేదు. పిల్లవాడి పాత నోటుబుక్కు తీసుకుంది. ఇలా రాసింది:

పొద్దున 6. బండి చల్లగా ఉంది. బాగుంది.
8. తాడేపల్లి. బాగుంది.
11. వారధి మీద. ముగ్గురు ఎక్కారు. మిస్సింగు.
11-30. ఆగింది. అరగంట తర్వాత స్టార్టు అయింది.

నాలుగు రోజులు రాసింది. నాలుగు రోజులూ ఒకటే వరస. చల్లగా ఉంటే బాగుంది. వేడెక్కితే తప్పుతోంది. చల్లారితే మళ్లీ బాగుంటోంది.

ఆ నోటుబుక్కు పట్టుకుని ఇంకో మెకానిక్కు దగ్గరికి వెళ్లింది. ఆయన పెద్దాయన.

"బోరు పోయిందంటున్నారు బాబాయ్. ఒకసారి ఇది చూడండి."

ఆయన చదివాడు. "నీలం పొగ వస్తోందా అమ్మా?"

"లేదు బాబాయ్."

"ఇంజనాయిలు తగ్గిపోతోందా?"

"లేదు."

"అయితే బోరు జోలికి ఇప్పుడే వద్దు. ముందు ప్లగ్గు చూద్దాం."

చవక వస్తువు ముందు చూడడం మంచి మెకానిక్కు లక్షణం. ప్లగ్గు మొన లేత ఇటుక రంగులో ఉంటే ఇంజను బాగా ఆడుతున్నట్లు. నల్లగా మసి పడితే పెట్రోలు ఎక్కువ వస్తున్నట్లు. ఈ ప్లగ్గు తడిగా ఉంది. పెట్రోలు వాసన కొడుతోంది. అంటే పెట్రోలు వస్తోంది కానీ కాలడం లేదు.

కొత్త ప్లగ్గు వేశాడు. బండి వేడెక్కాక మళ్లీ మిస్సింగు. ప్లగ్గు క్యాపు, లావు వైరు చూశాడు. వాటికి పగుళ్లు ఉంటే చీకట్లో నీలం రవ్వలు కనబడతాయి. తడి తగిలితే, వాన రోజున, తడబాటు ఎక్కువవుతుంది. ఇక్కడ పగుళ్లు లేవు.

అప్పుడు అదే రకం ఆటో నుంచి బాగున్న కాయిలు తెచ్చి బిగించాడు. "వారధి దాకా రెండుసార్లు తిప్పి రా అమ్మా" అన్నాడు. ముగ్గురిని ఎక్కించుకుని తిప్పింది. ఒక్క పోటూ తప్పలేదు. కొత్త కాయిలు వేయించుకుంది. ఇంజను విప్పే పని లేకపోయింది.

మీటరు పెట్టి కూడా కాయిలును చూస్తారు. కానీ చల్లగా ఉన్నప్పుడు మీటరు బాగుందనే చెప్పవచ్చు. వేడెక్కాక అదే కాయిలు మోసం చేస్తుంది. మార్చి చూడడమే నమ్మకం. చాలా పెట్రోలు కార్లలో ఒక్కో సిలిండరుకు ఒక్కో కాయిలు ఉంటుంది. అక్కడ ఒకదాని కాయిలు ఇంకోదానికి మారుస్తారు. తడబాటు కూడా అటు మారితే తప్పు కాయిలుదే.

ప్రతి మిస్సింగుకూ కాయిలే కారణం కాదు. గాలి ఫిల్టరు మూసుకుపోయినా, పెట్రోలులో చెత్త చేరినా బండి తడబడుతుంది. డీజిలు ఆటోకు అసలు ప్లగ్గూ ఉండదు, ఈ కాయిలూ ఉండదు.

మిస్సింగు ఉన్న బండిని అలాగే తిప్పకూడదు. కాలని పెట్రోలు సైలెన్సరులోకి పోయి అక్కడ కాలుతుంది. ఇప్పటి బండ్లలో పొగను శుభ్రం చేసే భాగం అక్కడే ఉంటుంది. అది పాడయితే కాయిలు కన్నా ఎన్నో రెట్లు ఖర్చు.

ఇంజను ఆడుతుండగా ప్లగ్గు క్యాపు చేత్తో లాగకండి. గట్టి షాకు కొడుతుంది. గుండెకు పేస్‌మేకరు ఉన్నవాళ్లు అసలు దగ్గరికి పోకూడదు. పెట్రోలు కారుతున్న చోట రవ్వ పరీక్ష చేయకూడదు.

కాయిలు మార్చాక పాత కాయిలు అడిగి తీసుకోండి. బిల్లులో ఏం రాశారో మీరే చదవండి.

చెప్పండి: ఒక ఆటో వాన పడినప్పుడే తడబడుతోంది. ఎండలో బాగుంటోంది. ముందు ఏం చూడాలి?