శిస్తు కాగితం, హక్కు కాగితం

రెవెన్యూ ఉద్యోగం నుంచి రిటైరై చాలా కాలమైనా మా అరుగు మీదికి భూమి కాగితాల సంచులు రావడం ఆగలేదు. వచ్చేవాళ్లలో సగం మందివి తాతల నాటి తగాదాలు. తవ్వుకుంటూ పోతే వాటి మూలం దొరల కాలపు రికార్డులో తేలుతుంది. ఒక్కొక్కరికీ చెప్పి చెప్పి గొంతు పోతోంది కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలకూ పనికొస్తుంది. చట్టం పుస్తకంలో ఉండే వరుస మాత్రం ఇందులో వెతక్కండి.

1. కాగితం చేతికి రాగానే అందులో ఎవరి పేరుందో చూడకండి. ముందు దాన్ని ఎవరు రాయించారు, ఎందుకు రాయించారు, అది చూడండి. భూమి ఎవరిదన్న బెంగ కుంఫిణీవాళ్లకు లేదు. శిస్తు ఎవరు కడతారన్నదే వాళ్ల బెంగ. ఉత్తర సర్కారుల్లో 1802 నాటి 25వ రెగ్యులేషన్‌తో జమీందార్ల మీద శాశ్వతంగా పేష్కష్ (సర్కారుకు కట్టాల్సిన సొమ్ము) ఖరారు చేశారు. కరణాలు లెక్కలెలా రాయాలో చెప్పిన 29వ రెగ్యులేషనూ ఆ ఏటిదే. దత్త మండలాల్లో కలెక్టరు మన్రో దారి వేరు, ఆయన రైతుతోనే నేరుగా లెక్క చూసుకున్నాడు. పద్ధతి ఏదైనా అడిగిన ప్రశ్న ఒక్కటే: ఈ మడి మీద రావలసిన సొమ్ముకు ఎవరి పీక పట్టుకోవాలి? అందుకే ఉమ్మడి కుటుంబంలో పెద్దవాడి పేరొక్కటే పట్టాకెక్కింది, తమ్ముళ్ల పేర్లు లేవు. కౌలుకు దున్నినవాడు కనబడడు. ఆడవాళ్ల సంగతి సరేసరి. పట్టా ఒక్కటే హక్కుకు రుజువు కాదని కోర్టులు మళ్లీ మళ్లీ అంటాయంటే కారణం ఇదే. అయినా మనవాళ్లు ‘పట్టా మా తాత పేరున ఉంది’ అన్న ఒక్క ముక్క పట్టుకుని, సొంత బాబాయిలతో మాటలు మానేసి ఏళ్లకేళ్లు గడిపేస్తారు.

2. ఫసలీకి 590 కలపండి. పాత లెక్కలన్నీ ఫసలీలోనే ఉంటాయి. అది రెవెన్యూ సంవత్సరం, జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. ఫసలీ 1318 అంటే 1908 జూలై నుంచి 1909 జూన్ వరకు. ఈ లెక్క తెలియక, తన శిస్తు రసీదు ఏడు వందల ఏళ్ల నాటిదని మురిసిపోయిన పెద్దమనిషిని నేనెరుగుదును. దొంగ రసీదు పుట్టించేవాళ్లూ తరచుగా ఇక్కడే దొరికిపోతారు. ఫసలీ వేస్తారు, ఆ ఫసలీకి ఊళ్లో ఆ మునసబు పుట్టనే లేదు.

3. ఇనాం రిజిస్టరును గడి గడికీ, చివరిదాకా చదవండి. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 1858లో మద్రాసు ప్రభుత్వం టేలర్ అనే దొరను పెట్టి ఇనాం కమిషన్ నడిపింది. రాజులూ నవాబులూ జమీందార్లూ పాలెగాళ్లూ ఎవరికి తోచినట్టు వాళ్లు ఇచ్చిన మాన్యాలు వేలకొద్దీ ఉన్నాయి. వాటిలో చాలావాటి మీద ఖజానాకు దమ్మిడీ రావడం లేదు. ఎవరిచ్చారు, దేనికిచ్చారు, సన్నదు (దాన పత్రం) ఉందా, ఇప్పుడు ఎవరి అనుభవంలో ఉంది అని ఊరూరా విచారించి ఇరవైకి పైగా గడులున్న రిజిస్టరుకెక్కించారు. యాభై ఏళ్లుగా అనుభవంలో ఉంటే సన్నదు లేకపోయినా ఒప్పుకోవచ్చన్నారు. వ్యక్తికిచ్చిన ఇనాం అయితే కొంత జోడి (తగ్గించిన శిస్తు) కట్టించుకుని టైటిల్ డీడ్ రాసిచ్చారు, ఇక అది అతని సొంత ఆస్తి. గుడికో సత్రానికో ఇచ్చినది మాత్రం ఆ ధర్మం సాగినంత కాలమే. గుడి భూముల వ్యాజ్యాలు చాలావరకు ఈ గీత దగ్గరే పుడతాయి.

ఒక గుడి మాన్యం తగాదాలో అర్చకుడి మనవలు రిజిస్టరు నకలు తెచ్చారు. అనుభవదారు గడిలో వాళ్ల ముత్తాత పేరు చక్కగా ఉంది. అవతలివాళ్లూ నకలు తెచ్చారు, దేవుడి నైవేద్య దీపారాధనలకని అందులో ఉంది. రెండిట్లోనూ టైటిల్ డీడ్ నంబరు ఒకటే. ఇదేం మాయ అని అసలు పుస్తకం తెప్పిస్తే తెలిసింది. ఒక్కో పద్దు ఎదురెదురుగా ఉన్న రెండు పేజీల మీద పరుచుకుని ఉంటుంది. ఒకరు ఎడమ పేజీ, ఇంకొకరు కుడి పేజీ తెచ్చుకున్నారు. రెండూ కలిపి చదివితే భూమి దేవుడిది, ముత్తాత అర్చకత్వం చేస్తూ అనుభవిస్తున్నవాడు. ఎవరూ అబద్ధమాడలేదు, ఎవరికి పనికొచ్చే సగం వాళ్లు పట్టుకొచ్చారు. ఇనాం రిజిస్టరుకు చాలా విలువివ్వాలని 1919లో ప్రివీ కౌన్సిల్ చెప్పిన మాటను ప్లీడర్లు ఈనాటికీ వల్లిస్తారు. ఆ విలువ పూర్తి పద్దుకే ఉంటుంది, సగం పద్దుకు కాదు.

4. ఇనాం ఇచ్చారంటే ఏమిచ్చారో అడగండి. భూమినే ఇచ్చారా, ఆ భూమి మీద సర్కారుకు రావలసిన వాటాను, అంటే మేల్వారాన్ని మాత్రమే ఇచ్చారా? సన్నదుల్లో ఇది తేటగా ఉండదు. మేల్వారమే ఇచ్చారని అనుకోవాలన్నది మద్రాసు హైకోర్టు పాత ధోరణి. అలా అయితే దున్నే హక్కు, అంటే కుడివారం, రైతుకే ఉండేది, 1908 నాటి ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం అతన్ని కాపాడేది. 1918లో ప్రివీ కౌన్సిల్ సూర్యనారాయణ వర్సెస్ పాతన్న కేసులో అలాంటి ఊహ ఏదీ ముందుగా పెట్టుకోకూడదంది. దాంతో ఇనాం గ్రామాల రైతులకు కాలికింద నేల కదిలింది. చట్టసభ సర్దుబాటు చేసేసరికి 1936 అయింది. అదీ మొత్తం గ్రామం ఇనాం అయినచోటే. ఊళ్లో కొన్ని చేలు మాత్రమే ఇనాం అయితే ఆ చట్టం నీడ వాటి మీద పడలేదు. ఇప్పుడు ఎవరైనా ముత్తాత గెలిచిన డిక్రీ అని తెస్తే ముందు దాని తేదీ చూస్తాను. 1917 డిక్రీ, 1920 డిక్రీ ఒకే ఊరివైనా ఒకే మాట చెప్పవు.

5. చుక్క తీర్పు కాదు. రైత్వారీ గ్రామాల రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో, అదే మన ఆర్‌ఎస్‌ఆర్‌లో, కొన్ని సర్వే నంబర్లకు పట్టాదారు గడిలో పేరుండదు, చుక్కలుంటాయి. హక్కు చెప్పుకోవడానికి ఎవరూ రాకపోయినా చుక్కలే, ఎవరిదో తేలకపోయినా చుక్కలే. అప్పటి గుమాస్తా తేల్చకుండా వదిలేశాడు, అంతే. కాని ఎవరిదీ కాని భూమి సర్కారుదేనని 1905 ఆక్రమణల చట్టం ఎటూ అనేసింది కాబట్టి, తర్వాతి వాళ్లు చుక్క కనబడితే ప్రభుత్వ భూమి అని చదివేసుకున్నారు. అలా భూమి 22-ఎ నిషేధిత జాబితాలో పడి రిజిస్ట్రేషన్ ఆగి, ఆడపిల్ల పెళ్లికి అర ఎకరం అమ్ముకోలేకపోయిన రైతులు ఎందరో. ఆంధ్రప్రదేశ్ 2017లో ప్రత్యేకంగా చుక్కల భూముల చట్టం చేయాల్సి వచ్చింది. రాసినవాడు చెప్పని మాటను చదివేవాడు చెప్పేస్తే ఇంత పనవుతుంది.

6. బి-మెమో రసీదు పారేయకండి, దాన్ని పట్టా అనీ అనుకోకండి. సర్కారు భూమిని అనుమతి లేకుండా సాగు చేసినందుకు వేసిన శివాయి జమా అది. నేరం ఒప్పుకున్నట్టూ అవుతుంది, అన్నేళ్లు మీరే దున్నారనీ చెబుతుంది. దరఖాస్తు పట్టా అడిగేటప్పుడు ఈ రెండో ముక్కే పనికొస్తుంది.

7. మన్యంలో లెక్క తిరగబడుతుంది. మైదానంలో కాగితం లేనివాడిని అనుమానిస్తాం. ఏజెన్సీలో కాగితాలు దివ్యంగా ఉన్నవాడినే ముందు అనుమానించాలి. అక్కడి ముఠాల్లో (కొండ గ్రామాల గుంపుల్లో) కరణం లెక్కలు వేళ్లూనుకోలేదు. హక్కు మాటలో, వాడుకలో, పోడు మారే వరసలో ఉండేది. అక్కడి మన్సబుదారు పీడన, కల్లు మీద పన్ను, అడవి మీద ఆంక్షలు కలిసి 1879లో రంప ఎందుకు మండిందో చరిత్ర పుస్తకాల్లో ఉంది. కాగితం రాయగలిగినవాడు కింద నుంచి వచ్చిన షావుకారే. అప్పుకింద భూములు జారిపోతుంటే 1917లో ఏజెన్సీ భూముల బదిలీ చట్టం తెచ్చారు. అదీ చాలక స్వతంత్రం తర్వాత 1959లో ఒకటో నంబరు రెగ్యులేషన్ వచ్చింది. 1970 సవరణతో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే భావించాలి, కాదని రుజువు చేసుకోవడం అతని పని అయింది. ఇది అన్యాయమని నాతో వాదించినవాళ్లున్నారు. ఆ దస్తావేజుల్లో వేలిముద్రలు ఎవరివో, రాసినది ఎవరో చూసినవాడిగా నేను వాళ్లతో ఏకీభవించలేను.

8. విస్తీర్ణం కన్నా ఎల్లలు నమ్మండి. పాత దస్తావేజులో సర్వే నంబరు ఉండదు, చెక్కుబందీ ఉంటుంది: తూర్పు పుంత, పడమర ఫలానావారి చేను. రెండూ పొసగకపోతే కోర్టులు సాధారణంగా హద్దులవైపే మొగ్గుతాయి. ఇంకో సంగతి. పాత ఎఫ్‌ఎంబీ (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్) పటంలో గట్టు పక్కన వేసిన అంకెలు అడుగులు కావు, లింకులు. గొలుసు 66 అడుగులు, అందులో లింకులు 100. నూరు లింకులను నూరు అడుగులనుకుని టేపు పట్టి, ముప్పై నాలుగు అడుగులు పక్కవాడు కలిపేసుకున్నాడని గట్టు మీద కర్రలెత్తిన అన్నదమ్ములను విడదీయాల్సి వచ్చింది.

9. నకళ్లు తగాదా రాకముందే తీసుకోండి. 1984లో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయినప్పుడు కొన్ని ఊళ్లలో లెక్కల పుస్తకాలు తాలూకా కచేరీకి చేరాయి, కొన్ని ఊళ్లలో అటకల మీదే ఉండిపోయి చెదలకు పోయాయి. ఇనాం రిజిస్టరు, ఆర్‌ఎస్‌ఆర్, ఎఫ్‌ఎంబీ, జమీందారీ ఊరైతే 1948 చట్టం కింద జరిగిన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, ఈ నాలుగూ అడగండి. పాత నంబరుకు కొత్త నంబరు ఏదో పట్టిక కూడా అడగండి, లేకపోతే మిగతావన్నీ వేరే ఎవరి చేనువో తెచ్చుకుంటారు. ఇంట్లో అసలు కాగితం ఉంటే లామినేషన్ చేయించకండి. వేడికి సిరా దెబ్బతినవచ్చు, వెనకవైపు కరణం పెన్సిలుతో రాసుకున్న భాగాల లెక్క కూడా చెడవచ్చు.