మత్తు, మెలకువ, మాట: గుండె పరీక్షలో రోగి అనుభవం

హృద్రోగం అనగానే మన ఇండ్లలో మొదట వినిపించే పేరు యాంజియోగ్రామ్. ఆ వెంటనే వినిపించే ప్రశ్న "మత్తు ఇస్తారా?" అన్నది. ఇస్తారని ఒకరు, ఇవ్వరని మరొకరు, ఇచ్చినా తెలివిగానే ఉంటారని వేరొకరు చెబుతారు. రోగి ఈ ముగ్గురి మాటలూ విని, మూడు రకాల భయాన్ని మూటగట్టుకొని పరీక్షకు వెళతాడు. నిజానికి ముగ్గురు చెప్పినదానిలోనూ కొంత కొంత సత్యమున్నది. ఆ సత్యాన్ని విడదీసి చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం. విజ్ఞానశాస్త్ర విద్యార్థులకే గాక, పెద్దలకు తోడుగా ఆసుపత్రికి వెళ్ళే ప్రతి విద్యార్థికీ ఈ విషయం తెలిసి ఉండడం అవసరమని మేము భావిస్తున్నాము.

పరీక్ష స్వరూపం

మణికట్టు వద్దగాని, గజ్జలోగాని ఉన్న ధమనిలోనికి కాథెటర్ అనే సన్నని గొట్టాన్ని ప్రవేశపెట్టి, ఎక్స్-రే సహాయంతో దానిని గుండె వరకు నడిపించడమే కాథెటరైజేషన్. ఆ గొట్టం గుండా ఎక్స్-రేలో కనిపించే ద్రవాన్ని ఎక్కించి, గుండె కండరానికి రక్తాన్ని అందించే కరోనరీ ధమనులలో అడ్డంకులున్నవేమో పరిశీలిస్తారు. అవసరమైతే బెలూన్‌తో దారిని వెడల్పు చేసి స్టెంట్ అమర్చుతారు.

ఇంత పని గుండెలో జరుగుతుంటే రోగి మెలకువగా ఎట్లా ఉండగలడు? ఈ సందేహానికి చరిత్రయే సమాధానం చెబుతుంది. 1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డె పట్టణంలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే యువ వైద్యుడు తన మోచేతి మడత వద్ద చర్మాన్ని మాత్రం మొద్దుబార్చుకొని, సిరలోనికి సన్నని గొట్టాన్ని 65 సెంటీమీటర్ల మేర తానే పంపుకొన్నాడు. ఆపై నడిచి ఎక్స్-రే గదికి పోయి, గొట్టం కొన తన గుండెను చేరినట్లు చిత్రం తీయించుకొన్నాడు. తనకు కలిగినది వెచ్చదనము, కొద్దిపాటి దగ్గు మాత్రమేనని ఆయన తెలియజేశాడు. ఆ సాహసానికి గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. 1956లో ఆంద్రే కూర్నాన్, డికిన్సన్ రిచర్డ్స్ అనే ఇరువురితో పాటు ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. 1977 సెప్టెంబరు 16న జ్యూరిచ్ నగరంలో ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ తొలిసారిగా బెలూన్‌తో కరోనరీ ధమనిని వెడల్పు చేసినప్పుడు కూడ రోగి మెలకువగానే ఉన్నాడు.

రక్తనాళాల లోపలి పొరకు స్పర్శజ్ఞానం దాదాపు లేదు. గొట్టం గుండె వైపు సాగిపోతుంటే రోగికి సాధారణంగా తెలియదు. తెలిసే నొప్పి ప్రధానంగా సూది గుచ్చే చోటనే. అందుచేత ఆ చోటును మొద్దుబార్చితే చాలా వరకు సరిపోతుంది.

మూడు మాటలు, మూడు స్థితులు

మన తెలుగులో "మత్తు" అన్న ఒక్క మాటతో మూడు వేర్వేరు స్థితులను చెబుతున్నాము. చిక్కంతా ఇక్కడనే పుట్టుచున్నదని మా అభిప్రాయం. మన కళాశాలలో రెండు భాషలూ వర్ధిల్లుతున్నవి గనుక ఉర్దూను తోడు తెచ్చుకొంటే భేదం స్పష్టమవుతుంది.

మొదటిది మొద్దుబార్చడం. ఉర్దూలో దీనిని "సున్ కర్‌నా" అంటారు. లిగ్నోకైన్ వంటి మందును చర్మం క్రిందికి ఎక్కిస్తే ఆ కొద్ది భాగంలోనే స్పర్శ పోతుంది. మనస్సుకు దీనితో సంబంధం లేదు.

రెండవది నెమ్మదింపజేయడం. దీనినే వైద్యులు సెడేషన్ అంటారు. ఉర్దూలోని "సుకూన్" అన్న పదం దీనికి చక్కగా అతుకుతుంది. భయం తగ్గుతుంది, కనురెప్పలు బరువెక్కుతవి, కునుకు పట్టవచ్చును. అయినా పేరు పెట్టి పిలిస్తే పలుకుతాడు, చెప్పిన పని చేస్తాడు, తన ఊపిరి తానే పీల్చుకొంటాడు. ఇందుకు ఎక్కువగా వాడే మందులు రెండు. భయాన్ని తగ్గించే మిడజోలామ్ ఒకటి. నొప్పిని తగ్గించే ఫెంటనిల్ రెండవది. ఫెంటనిల్‌ను 1960లో బెల్జియం శాస్త్రజ్ఞుడు పాల్ యాన్సెన్ రూపొందించాడు.

మూడవది స్పృహ తప్పించడం. అదే "బేహోషీ". పెద్ద శస్త్రచికిత్సలలో ఇచ్చేది ఇది. పుట్టుకతో గుండెలోపం గల పసిపిల్లలకు, కదలక పడుకొనలేని కొందరికి, కొన్ని క్లిష్టమైన చికిత్సలకు ఇది అవసరమవుతుంది. పెద్దవారికి చేసే మామూలు యాంజియోగ్రామ్‌కు అవసరం లేదు.

మొదటిది దాదాపు అందరికీ ఇస్తారు. రెండవది దేశాన్నిబట్టి, వైద్యుని అలవాటునుబట్టి, రోగి స్థితినిబట్టి మారుతుంది. అమెరికాలో అది ఇంచుమించు ఆనవాయితీ. ఐరోపాలోనూ మన దేశంలోనూ పలుచోట్ల మొద్దుబార్చే సూదితోనే పని ముగిస్తారు.

అందరికీ బేహోషీయే ఇవ్వరాదా అని విద్యార్థులు అడుగవచ్చును. మత్తు లోతైనకొద్దీ ఊపిరి మందగిస్తుంది, రక్తపోటు పడిపోవచ్చును. అసలే బలహీనమైన గుండెకు అది అదనపు భారం. పైగా పరీక్ష వేళ రోగి మాట వైద్యునికి ఒక సాధనం. "ఊపిరి బిగబట్టండి", "దగ్గండి" అంటే రోగి ఆ పని చేయవలెను. ఛాతీలో నొప్పి మొదలైతే చెప్పవలెను. ఎక్స్-రే చూపలేని సంగతిని రోగి నోటిమాట చూపగలదు.

రోగికి తెలిసేదేమి?

పరీక్షగది చల్లగా ఉంటుంది. బల్ల ఇరుకుగా ఉంటుంది. ఎక్స్-రే యంత్రం ఛాతీ చుట్టూ తిరుగుతూ ఒక్కొక్కప్పుడు ముఖానికి దగ్గరగా వస్తుంది. మొద్దుబార్చే సూది చురుక్కుమంటుంది. ఆ తరువాత ఒత్తిడి తెలుస్తుందిగాని కోత తెలియదు. ద్రవాన్ని గుండె గదిలోనికి వేగంగా పంపినప్పుడు ఒళ్ళంతా వేడి ఆవిరి ప్రాకినట్లు కొన్ని క్షణాలుంటుంది. కొందరికి మూత్రం వచ్చినట్లే అనిపిస్తుంది. గొట్టం గుండె లోపలి గోడను తాకితే గుండె ఒక్కసారి తడబడినట్లు తోచవచ్చును. బెలూన్ ఉబ్బించినప్పుడు రక్తం క్షణకాలం ఆగుతుంది గనుక ఛాతీనొప్పి రావచ్చును. బెలూన్ దించగానే అది తగ్గుతుంది. మణికట్టు ధమని ముడుచుకొనిపోతే ముంజేయి లాగినట్లు నొప్పి పుడుతుంది. నెమ్మదింపజేసే మందు ఈ ముడుచుకొనే స్వభావాన్ని కూడ తగ్గిస్తుంది.

ఇవన్నీ ముందే తెలిసినవారికి అనుభవాలు. తెలియనివారికి ప్రమాద సూచనలు. ఈ భేదాన్ని మేము మా ఇంటనే చూచాము. మా మేనమామగారికి ఈ పరీక్ష నిర్ణయమైనప్పుడు ధైర్యం చెప్పినది మేమే. "మామూ, మత్తు ఇస్తారు, మీకేమీ తెలియదు" అని పలుమార్లు చెప్పాము. లోపల ఆయనకు అన్నీ తెలిశాయి. వైద్యుల మాటలు వినబడినవి, యంత్రం కదలిక కనబడినది. మందు తనకు పట్టలేదని, ఇక కోత మొదలు పెడతారని ఆయన వణికిపోయారు. ముంజేయి నొప్పి పెట్టినా పెదవి విప్పలేదు. చెమటలు పట్టడం చూచి వైద్యుడే అడిగి, మరికొంత మందు ఇప్పించాడు. పరీక్ష సవ్యంగానే ముగిసింది. వైద్యుడు చిత్రాలు చూపి, ఒక ధమనిలో కొద్దిపాటి అడ్డంకి మాత్రమే ఉన్నదని, మందులు చాలునని ఆయనకు వివరించాడు. సాయంత్రం మేము పలకరించగా ఆయన కంట తడిపెట్టి, "నాకెవరూ ఏమీ చెప్పలేదు, అంటే ఇక లాభం లేదనే గదా" అన్నారు.

మిడజోలామ్ మనిషిని నెమ్మదింపజేయడమే గాక, ఇచ్చిన తరువాత కొంతసేపటి వరకు జరిగిన సంగతులను జ్ఞాపకంలో నిలువనీయదు. ఆ సమయంలో రోగి కన్నులు తెరచి, తల ఊపి, "సరే" అన్నా ఆ మాట అతని వద్ద నిలువదు. వైద్యుని వలన లోపం లేదు. తప్పు మాదే. "ఏమీ తెలియదు" అని మేము అన్నందున మెలకువ ఆయనకు భయమైనది. మరపు సంగతి మాకు తెలియనందున శుభవార్త ఆయనను చేరలేదు.

హైదరాబాదు నేర్పిన పాఠం

మత్తుమందుల చరిత్రలో మన హైదరాబాదుకు స్థానమున్నది. 1846లో ఇక్కడ స్థాపించబడిన వైద్య పాఠశాలలో తొలి దశాబ్దాలలో వైద్యవిద్యను ఉర్దూలోనే బోధించారు. ఆ పాఠశాలకు అధ్యక్షుడైన ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ పోషణతో, 1888లోనూ 1889లోనూ రెండు క్లోరోఫారం కమిషన్లు పనిచేశాయి. క్లోరోఫారంతో మరణం సంభవిస్తే మొదట ఆగేది గుండెయా, ఊపిరియా అన్నది అప్పటి వివాదం. ఊపిరియే మొదట ఆగునని, కనుక ఊపిరిని కనిపెట్టి ఉంటే చాలునని లారీ పక్షం నిర్ణయించింది. అయితే తేలికపాటి క్లోరోఫారంలోనే గుండె లయ తప్పి ఆగిపోగలదని 1911లో లెవీ అనే పరిశోధకుడు ప్రయోగపూర్వకంగా నిరూపించాడు.

ఇరుపక్షాల పాఠమూ నేటి పరీక్షగదిలో నిలిచి ఉన్నది. రోగి వ్రేలికి తగిలించే చిన్న పరికరం రక్తంలోని ప్రాణవాయువును గమనిస్తుంది. ఛాతీకి అంటించిన తీగలు గుండె లయను చూపుతాయి. మందు మోతాదు మించితే విరుగుడు మందులున్నవి. మిడజోలామ్‌కు ఫ్లుమజెనిల్, ఫెంటనిల్‌కు నలోక్సోన్.

మన కర్తవ్యం

ఆసుపత్రిలో అంగీకార పత్రం ఇంగ్లీషులో ఉండవచ్చును. పెద్దలు మన ముఖం వైపు చూస్తారు. ఆ క్షణంలో దుబాసీలము మనమే. కనుక విద్యార్థి మిత్రులు కొన్ని సంగతులు గుర్తుంచుకొనవలెను.

ఇచ్చేది మొద్దుబార్చే సూదియా, నెమ్మదింపజేసే మందా, స్పృహ తప్పించేదా అని వైద్యుని ముందే అడుగవలెను. తెలుసుకొన్నదానిని ఇంటిభాషలో ఉన్నదున్నట్లు చెప్పవలెను. గురక, ఉబ్బసం, మూత్రపిండాల జబ్బు, నిద్రమాత్రల అలవాటు, మద్యపానం, మునుపు ఏ మందైనా పడకపోవడం వంటివి బిడియపడక తెలియజేయవలెను. ఇవి మోతాదును నిర్ణయించే సంగతులు. ఎన్ని గంటలు ఆహారం మానవలెనో, మధుమేహం మందు వేసుకొనవలెనో లేదో స్పష్టంగా అడిగి తెలుసుకొనవలెను. మత్తు అన్న పేరు విని వ్యసనమని జంకే పెద్దలకు, వైద్యుడు ఒక్కసారి కొలిచి ఇచ్చే మందు అలవాటుగా మారదని నచ్చజెప్పవలెను. నొప్పి కలిగితే చెప్పడం పిరికితనం కాదని, చెప్పడమే వైద్యునికి సహాయమని మరీ మరీ చెప్పవలెను. పరీక్ష ఫలితాన్ని వైద్యుడు వివరించేటప్పుడు మనం ప్రక్కన ఉండి, వ్రాసుకొని, మరునాడు రోగికి తిరిగి చెప్పవలెను. నెమ్మదింపజేసే మందు తీసుకొన్నవారు 24 గంటల పాటు వాహనం నడుపరాదు, ముఖ్యమైన కాగితాల మీద సంతకం చేయరాదు.

మా మేనమామగారికి రెండవసారి పరీక్ష అవసరమైనప్పుడు మేము మాట మార్చాము. "మామూ, చేయి సున్ చేస్తారు. మనసుకు సుకూన్ ఇస్తారు. మీరు మెలకువగానే ఉంటారు. ఒళ్ళు వేడెక్కుతుంది, అది మామూలే. నొప్పి ఉంటే చెప్పండి" అన్నాము. ఆయన తల ఊపి లోపలికి వెళ్ళారు. బయటికి వచ్చి, "నీవు చెప్పినట్లే వేడెక్కింది" అన్నారు. మందు మోతాదు వైద్యుని చేతిలోనిది. మాట మోతాదు మన చేతిలోనిది. రెండు భాషలు నేర్చిన మనము ఆ మాటను సరిగా కొలిచి ఇవ్వగలిగితే, మన చదువు మన ఇంటి పెద్దలకు అక్కరకు వచ్చినట్లే.