శిరస్త్రాణమునకు తోలుకట్టు

మన పాఠశాల వార్షికోత్సవమునకై దావీదు గొల్యాతుల నాటకము నభ్యసించునపుడు, మధ్యయుగ యోధుల తీరున ఇనుపరేకుతో నొక శిరస్త్రాణమును చేయించితిమి. దాని తోలుకట్టును మేమే కుట్టితిమి. గొల్యాతు వేషధారి, గొంతు నొరయుచున్నదని కట్టును విప్పివైచెను. పిమ్మట నతడు తల వంచగనే శిరస్త్రాణము కన్నులమీదికి జారెను. తప్పు బాలునిది కాదు, మాది.

విద్యార్థులలో నొకని తండ్రి చెప్పులు కుట్టు వృత్తివారు. ఆయన మా కట్టును చూచి, "అయ్యా, ఇది తలను పట్టలేదు, గొంతును పట్టినది" అనిరి. ఆయన నేర్పినదే యీ పాఠము.

తోలు: తంగేడుచెక్కతో గాని కరక్కాయతో గాని పదునుచేసిన తోలు శ్రేష్ఠము. పొట్టభాగపు తోలు సాగును. కావున వీపుభాగమునుండి రెండు మూడు మిల్లీమీటరుల మందము గలదానిని గ్రహింపవలెను.

కొలత: దారముతో కొలుచునపుడు నోరు తెరచియుండవలెను. మూసినప్పటి కొలతతో చేసిన కట్టు మాటలాడనీయదు.

అమరిక: ఇరుప్రక్కల రెండేసి వారులుండవలెను. ఒకటి చెవికి ముందునుండి, మరియొకటి చెవి వెనుకనుండి దిగి, చెవితమ్మె క్రింద కలియవలెను. ముందువారు శిరస్త్రాణమును వెనుకకు జారనీయదు. వెనుకవారు ముందుకు ఒరగనీయదు. అచ్చటనుండి అంగుళము వెడల్పు గల యొకే వారు గొంతుమీదికి పోక, గడ్డపుటెముక క్రిందనే నిలువవలెను.

కుట్టుపని: రంపెతో అంచుల పదునును తీసి నున్నగా రుద్దవలెను. చర్మమునకు తగులువైపున మెత్తని మేకతోలు నతికి, ఆరెతో రంధ్రములు చేసి కుట్టవలెను. బకిలు దవడయెముకపై కాక ఎడమచెవి క్రింద నుండవలెను. దాని యడుగున మెత్త తప్పదు. బిగించిన పిదప రెండు వ్రేళ్లు దూరవలెను.

రివిట్లు ఇత్తడివై యుండవలెను. తోలులోని వగరు తడిలో ఇనుమును తాకిన నల్లబడును. పూర్వులు కరక్కాయను అన్నభేదిని కలిపి సిరా చేసినది యీ గుణముచేతనే. చెమటకు తోలు బిరుసెక్కకుండ అప్పుడప్పుడు కొలదిగా ఆముదము పూయవలెను. మితిమీరిన తోలు సాగును.

సౌఖ్యము విలాసము కాదు. నొప్పించు కట్టును మనుష్యుడు వదులుచేయును. వదులైన కట్టు ఆపదవేళ తలను విడుచును. ఈ ప్రాంతపు బొగ్గుగనులలోనికి దిగు తండ్రులకు ఇది మేము చెప్పనక్కరలేదు. అయితే మా కట్టు నాటకమునకే గాని గనికి తగదు. సౌలు ఇచ్చిన రాగి శిరస్త్రాణమును దావీదు తనకు అలవాటు లేనిదని తీసివేసెనని మొదటి సమూయేలు 17వ అధ్యాయము తెల్పుచున్నది.

ఆ విద్యార్థి మునుపు తండ్రి వృత్తిని చెప్పుటకు జంకెడివాడు. ఆనాడు తానే ఆరె పట్టి తోడివారికి కుట్టుట చూపెను. పేతురు యొప్పేలో బస చేసినది సీమోను అను చర్మకారుని యింటనే గదా! చదువరులు ఈ సంగతిని మరువకుందురు గాక.