సాయంత్రం ఐదింటి సంగతి

పెద్దవూర,
ఆదివారం రాత్రి.

బిడ్డా,

నీ ఉత్తరం ముట్టింది. ఇంత పొడుగు కాయితం మీద నాలుగే ముక్కలు రాసినవు. బాగున్న, కాలు నయమైతున్నది, పరీక్షలున్నయి, రంది పడకుండ్రి. మీ అమ్మమ్మ మూడుసార్లు చదివించుకున్నది. మూడోసారి అయినంక, ‘దీంట్ల కబడ్డీ అన్న మాటే లేదు’ అని లేచి పోయింది. ఫోన్ల అయితే గొంతు పట్టిస్తదని ఉత్తరం రాసినవని నాకు అప్పుడే అర్థమైంది.

నిన్న హాలియాల మీ పెద్దమ్మ కొడుకు కలిసిండు. బూట్లు జూనియర్ పిల్లకు ఇచ్చేసినవట. గ్రౌండు కండ్ల పడొద్దని వెనుక గేటు దిక్కు నుంచి తిరిగి కాలేజీకి పోతున్నవట. వాడు చాడీ చెప్పలేదు, నీ మీద పానం కొట్టుకొని చెప్పిండు. వాణ్ణి ఏమనకు. బూట్లు ఇచ్చినందుకు నాకు బాధ లేదు, ఆ పిల్ల కాళ్ళకు పనికొస్తయి. నేను అడిగేది ఒక్కటే. సాయంత్రం ఐదింటికి నువ్వు ఏం చేస్తున్నవు?

ఇదేం ప్రశ్న అనుకోకు. ఆరో తరగతి నుంచి తొమ్మిదేండ్లు, ఐదు కొట్టంగనే నువ్వు గ్రౌండుల ఉన్నవు. వానొచ్చినా ఉన్నవు, జ్వరమొచ్చినా ఉన్నవు. లిగమెంటు రెండోసారి తెగినంక ఇగ ఆడొద్దని డాక్టరు నీకు చెప్పిండు. ఆ ఐదు గంటలకు ఎవరు చెప్పిండ్రు? అది రోజూ వచ్చి నీ తలుపు కొడతనే ఉంటది.

నాకు పంతొమ్మిదేండ్లప్పుడు కాలు విరిగిన సంగతి నీకు తెల్వనిది కాదు. దాని వెనుక సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. డ్యాం కట్టేటప్పుడు రాళ్ళు మోసిన కూలోళ్ళ పిల్లలం మేము. పైలాన్ కాలనీ దిక్కు మాకొక మట్టి గడ్డ ఉండేది. అప్పట్ల చాపలు లేవు, బోనస్ గీత అంటే ఎవరికీ తెల్వదు. మోకాళ్ళు చెక్కుకపోతే మన్నే చల్లుకునేది. కూతకు పోతే నన్ను పట్టెటోడు లేడని పేరు. ఒకనాడు నలుగురు మీద పడ్డరు. కట్టు కట్టినాయన బిగించి కట్టి వంకర చేసిండు. అదంతా మీ అమ్మ నీకు చెప్పే ఉంటది. చెప్పంది ఇది. ఆర్నెల్లు నేను పొద్దుగూకెటప్పుడు గొళ్ళెం పెట్టుకొని గడంచెల బోర్ల పండుకున్న. దూరం నుంచి పోరగాండ్ల కూత వినొస్తె చెవులు మూసుకున్న. పొద్దంత మంచిగనే ఉండేటోణ్ణి, తినేటోణ్ణి, నవ్వేటోణ్ణి. ఆ ఒక్క గంటే నన్ను తినేది. మా నాయినకు చదువు రాదు, ఓదార్చుడు అసలే రాదు. ఒకరోజు గొళ్ళెం విరగగొట్టి, కాలువ కాడ పనిజేసే సోపతి దగ్గర కూసోబెట్టిండు. ఆయన గేజి చూసి అంకెలు చెప్తె నేను రాసేది. అంతే పని. అట్లనే కాలువ నీళ్ళు చూసుకునే లష్కరు కొలువు నా పాలయింది.

తిన్నవా? హాస్టల్ల రాత్రి అన్నం మానేస్తున్నవని గూడ విన్న. పల్లీలు వేయించి పంపుతున్న, నలుగురితోని పంచుకొని తిను.

అందరూ నీకు పుల్లెల గోపీచంద్ కథ చెప్తున్నరని నాకెరుకే. 1994ల మోకాలు చెడ్డది, 2001ల ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ గెలిచిండు. చేతులెత్తి మొక్కాల్సిన మనిషి. కాని ఆయన మళ్ళ ఆడిండు. ఆడొద్దన్న పిల్లకు ఆ కథ చెప్పుడు, ఆకలైనోనికి పక్కింటి పెండ్లి భోజనం గురించి చెప్పినట్టు. అది విని నీకు ఏడుపొస్తె నీది తప్పు కాదు.

నాకైతే ఇంకొకాయన యాదికొస్తడు. నువ్వు పట్నం పోయే బస్సు యాచారం దాటినంక గున్‌గల్ వస్తది. మన కృష్ణ నీళ్ళు కోదండాపూర్ల శుద్ధయి పట్నం పోయే తొవ్వల అక్కడ ఆగుతయి, అందుకే మా నీళ్ళ శాఖోళ్ళకు ఆ ఊరు బాగ తెలుసు. ఆ ఊరి పిల్లగాడే సుమీత్ రెడ్డి. బ్యాడ్మింటన్ సింగిల్స్ ఆడేటోడు. నడుము చెడ్డది. కోర్టంత ఒక్కడే ఉరుకుడు ఇగ కాదని డబుల్సుకు మారిండు. మను అత్రితోని కలిసి 2016ల రియో ఒలింపిక్స్ ఆడిండు. ఆయన గూడ ఆటలనే ఉన్నడు కదా తాతా అంటవు. నిజమే. నేను ఒలింపిక్స్ కోసం చెప్తలేను. సింగిల్స్ ఇడిసిపెట్టిన ఆ దినాల గురించి ఆలోచిస్త. అప్పుడు సాయంత్రాలు ఎట్ల ఎల్లదీసిండో ఏ పేపరూ రాయదు.

ఇప్పుడు నేను చెప్పేది చెయ్యి. ఎండకాలమంత ఎండిన కాలువల మేము నీళ్ళు ఒక్కసారే వదలం. కట్టలు పర్రెలిచ్చి ఉంటయి, ఒక్కసారే వదిలితే గండి పడ్తది. షెట్టరు రోజుకింత రోజుకింత ఎత్తుతం. నువ్వూ రేపే పోయి గీత పక్కన నిలబడకు. బుధవారం ఒక్కరోజు ముందు గేటు నుంచి నడువు. ఆగకు, ఊరికె నడిచి పో. ఏడుపొస్తె రానీ. పై వారం చెట్టు కింద పది నిమిషాలు కూసో. అదీ కాకపోతె ఐదింటికి లైబ్రరీకి పో, కూరగాయల మార్కెట్టుకు పో, ఎవరికన్న లెక్కలు చెప్పు. ఎక్కడికి పోతవో నాకు అక్కర లేదు. ఆ గంటకు హాస్టల్ గదిల దుప్పటి కప్పుకొని మాత్రం ఉండొద్దు. కోచ్ అవుతావా, ఇంకేమన్న చేస్తావా అని ఇప్పుడే ఎవరడిగినా జవాబు చెప్పకు. తొందరేం లేదు.

తొడ కండకు చెప్పిన కసరత్తు మానేసినవట. అది కబడ్డీ కోసం కాదు బిడ్డా. నేను ఆనాడు కాలు కదిలియ్యక కూసున్న, ఇయ్యాల్టికి కింద కూసోలేను, బస్సు మెట్టెక్కితె కడ్డీ పట్టుకొని ఆగాలె. నీకు ఇరవై ఏండ్లే.

రాత్రుళ్ళు నిద్ర పట్టక చెడ్డ తలపులు వస్తె 14416కు ఫోను చెయ్యి. సర్కారుదే, పైసలు అక్కర లేదు, తెలుగుల మాట్లాడుతరు. ఆశా వర్కరు రాసిచ్చింది, మన గోడ మీద అంటించిన. మాకు చెప్పలేనిది అక్కడ చెప్పు. మాకు చెప్పినా మేము బెదరం.

ఎనిమిదేండ్ల పిల్లవు, మన వాకిట్ల కూత పెట్టి దమ్ము ఆగిపోయేదాక ఇడిసేదానివి కావు. మొకం ఎర్రగయితె మీ అమ్మమ్మ ఉరికొచ్చి వీపు మీద చరిచేది. నేను అరుగు మీద కూసొని మనసుల లెక్కపెట్టేటోణ్ణి. ఆ లెక్క ఇప్పటికీ యాదున్నది. ముప్ఫైరెండు.

రేపటి నుంచి రోజూ ఐదింటికి ఫోను చేస్త. మాట్లాడబుద్ధి కాకపోతె మాట్లాడకు. ఎత్తి చెవు దగ్గర పెట్టుకో. ఇక్కడ బర్రెలు ఇంటికొచ్చే యాళ్ళ అది, వాటి గంటలు వినిపిస్త.

మీ తాత