తప్పు డ్రమ్ములో లేదు

చి. శ్రీనుకి,

ఒకే బ్యాచి 17-17-17 మిశ్రమ ఎరువులో మొదటి బస్తాకి పొటాష్ ఎక్కువ, చివరి బస్తాకి తక్కువ వచ్చిందనీ, సరుకు కలిపే డ్రమ్ము ఇంకాసేపు తిప్పమని మీ మేనేజరు అంటున్నాడనీ ఫోన్లో చెప్పావు కదా. తిప్పించకు. డ్రమ్మును సగానికి మించి నింపకపోతే, రెండు మూడు నిమిషాల్లో సరుకు కలిసిపోతుంది. అదే పనిగా తిప్పితే గుళికలు నలిగి పొడి పెరుగుతుంది. అది ఇంకో తలనొప్పి.

ముందు జల్లెళ్లు తీసి డీఏపీ, యూరియా, పొటాష్ మూడింటి సైజూ చూడు. మీ డీఏపీ మూడు మిల్లీమీటర్ల గుళిక అనుకో, ఎర్ర పొటాష్ పొడి రకం వచ్చిందనుకో, ఏ డ్రమ్ముకీ అవి లొంగవు. మిక్చరు పొట్లం ఊపితే సన్నకారప్పూస అడుక్కి చేరి పల్లీలు పైకి తేలడం నువ్వు చూడనిది కాదు. గుళిక బరువు, ఆకారం కన్నా సైజు తేడాయే ఎరువుల్ని విడదీస్తుందని అమెరికాలో టెన్నెసీ వ్యాలీ అథారిటీ వాళ్లు 1960ల్లోనే పరీక్షించి తేల్చారు. యూరియా కూడా సన్న పూసల ప్రిల్స్ కాకుండా 2 నుంచి 4 మిల్లీమీటర్ల గుళికల రకం తెప్పించమను. పర్చేజీ వాళ్లు ధర ఒక్కటే చూస్తారు, సైజు సంగతి నువ్వే అడగాలి.

బరువు నింపే ఫిల్లరునీ వదిలేయకు. టన్నుకి డీఏపీ 370, యూరియా 225, పొటాష్ 283 కిలోలు పోగా 122 కిలోలు అదే. అదీ గుళికగానే ఉండాలి.

ఇక బస్తాలు నింపే హాపరు. ఎలివేటరు నుంచి సరుకు ఒకే చోట పడితే కుప్ప కడుతుంది. సన్నది పడినచోటే నిలుస్తుంది, లావు గుళికలు దొర్లి గోడల వైపు పోతాయి. కింద గేటు తీయగానే ముందు నడిమి సరుకే జారుతుంది. అంటే తొలి బస్తాల్లోకి సన్న పొటాష్, ఆఖరి బస్తాల్లోకి లావు డీఏపీ. నీ రిపోర్టు చెబుతున్నదీ ఇదే. హాపరు లోపల నిలువు అడ్డపలకలు వేయించు, సరుకు పడే ఎత్తు తగ్గించు, నాలుగు చోట్ల పడేలా గొట్టాలు పెట్టించు. బ్యాగింగ్ నడుస్తుండగా హాపరు అడుగు దాకా ఖాళీ అవనీయకు.

యూరియాలో సూపర్ ఫాస్ఫేటు కలపమని ఎవరైనా అంటే ఒప్పుకోకు. సూపర్‌లోని నీరు బయటికొచ్చి సరుకు చెమ్మగిల్లుతుంది, కాకినాడ గాలికి అది గడ్డ కట్టడానికి ఎంతోసేపు పట్టదు. జింక్ సల్ఫేటు ఊసూ వద్దు, డీఏపీతో కలిస్తే ఆ జింకు పైరుకి సరిగ్గా అందదు.

రేపు షిఫ్టులో మొదటి, నడిమి, ఆఖరి బస్తాల్లోంచి నమూనాలు తీయించు. పైపైన గుప్పెడు కాదు, బొంగు గొట్టంతో బస్తా అడుగు దాకా దింపి తీయాలి. మూడింటినీ కలిపేయకుండా విడివిడిగా ల్యాబుకి పంపు. పొటాష్ వరసగా తగ్గుతూ వస్తే హాపరే దోషి. అడ్డదిడ్డంగా వస్తే మాత్రం డ్రమ్ము ఆపించి, లోపలి రెక్కలకి పేరుకున్న పెచ్చు గీకించు, ఆ తర్వాత తూకం కాటాలు చూడు. రిపోర్టు రాగానే నాకు పంపు.

ఇట్లు,
బాబాయి